అప్‌డేట్ చెయ్యకండి: పాత పేజ్‌మేకర్ ఉన్న ఇళ్లకు కొన్ని ఎదురు సలహాలు

మీ ఇంట్లో పేజీలు సర్దే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు ఉన్న పాత సిస్టమ్ ఇంకా పనిచేస్తూ ఉంటే దాన్ని అప్‌డేట్ చెయ్యకండి. దానికి నెట్ కలపకండి. కొత్త కంప్యూటర్ కొన్నాక దాన్ని పాత సామాన్ల బండికి వెయ్యకండి. ఈ మూడు మాటలూ మీరు ఇప్పటిదాకా విన్నవాటికి ఎదురుగా ఉంటాయి. కంప్యూటర్ తెలిసిన ఏ మేనల్లుణ్ని అడిగినా ముందు చెప్పేది "అప్‌డేట్ చేసుకో మావయ్యా" అనే. ఫోనుకీ, బ్రౌజర్‌కీ, బ్యాంకు యాప్‌కీ ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. తయారు చేసిన కంపెనీయే వదిలేసిన సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అది పనికిరాదు. పైగా దాన్ని పట్టుకుని వెళితే ఉన్నదీ పోతుంది.

మా శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి లాంటి ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు. శుభలేఖలు, కొత్తమ్మతల్లి జాతర కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, దినకార్యం కార్డులు, భజన పాటల పుస్తకాలు ఇలా ఎన్నో ఇంట్లో ఓ మూల సిస్టమ్ మీదే కంపోజ్ అయి, టెక్కలికో నరసన్నపేటకో శ్రీకాకుళానికో ప్రింటుకి వెళ్లాయి. రిటైరైన మాస్టార్లు తమ ఊరి చరిత్రలు, పద్యాలు టైపు చేయించి దాచుకున్నదీ వీటిలోనే. అంటే ఆ డబ్బాలో ఉన్నది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, ఇరవై ఏళ్ల తెలుగు రాత. నా సలహాలన్నీ ఆ రాతను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవే.

పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ అనే కంపెనీ మెకింటాష్ కోసం తెచ్చింది. 1994లో ఆల్డస్‌ని అడోబ్ కొనేసింది. 2001లో 7.0 వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ వచ్చింది కూడా అదే ఏడాది అక్టోబరులో. ఈ రెండింటికీ అను ఫాంట్లతో టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ తోడై మన డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీల కూర్పు, స్థిరపడిపోయింది. 2004లో అడోబ్ పేజ్‌మేకర్ మీద పని ఆపేసి, అందరినీ తన ఇంకో పేజీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కి రమ్మంది. మనవాళ్లు వెళ్లలేదు. బద్ధకించి ఆగిపోయారని కొందరంటారు, నేను ఒప్పుకోను. వేరే ప్లగిన్ అక్కర్లేకుండా ఇన్‌డిజైన్‌లో తెలుగు వత్తులు కుదురుగా కూర్చోవడం 2012 నాటి సీఎస్6తో గాని మొదలు కాలేదు. అచ్చుకి పనికొచ్చే యూనికోడ్ ఫాంట్లు కూడా అంతవరకూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. పని జరుగుతున్న పనిముట్టుని వదిలిపెట్టి, పని జరగని దాని దగ్గరకి వెళ్లకపోవడం తెలివైన పనే.

లేని అప్‌డేట్ కోసం వెతకొద్దు

పేజ్‌మేకర్ 7.0 తర్వాత 7.0.1, 7.0.2 అనే చిన్న సవరణలు వచ్చాయి. అక్కడితో సరి. ఆ తర్వాత అడోబ్ ఏమీ ఇవ్వలేదు, ఇక ఇవ్వదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం ప్రమాదం తప్పినట్టే. "పేజ్‌మేకర్ లేటెస్ట్ వెర్షన్", "విండోస్ 11కి కొత్త పేజ్‌మేకర్" అని ఎక్కడ కనిపించినా అది అబద్ధం. ఫైలు తెరిచి చూసి, స్కాన్ చేసి తేల్చుకోవలసిన పని కూడా లేదు. చనిపోయినవాళ్ల పేరు మీద వచ్చే ఉత్తరం ఎవరో రాసిందే కదా.

ఇంకా బతికున్న సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ అన్నది రక్షణ. ఆపేసినదానికి కొత్త వెర్షన్ అన్నది ఎర. అందుకే పాత సిస్టమ్‌లో ఏదైనా కిటికీ లేచి అప్‌డేట్ చెయ్యమంటే వద్దని నొక్కండి. ప్రింటర్ డ్రైవర్ కూడా మార్చొద్దు. పేజ్‌మేకర్ ఎంచుకున్న ప్రింటర్ని బట్టి పేజీ లెక్క వేసుకుంటుంది. డ్రైవర్ మారితే సర్దిపెట్టుకున్న పేజీలో పంక్తులు జరిగే అవకాశం ఉంది. పనిచేస్తున్న స్థితిలోనే సిస్టమ్‌ని నిలిపి ఉంచాలి.

ఎక్స్‌పీకి చివరి సర్వీస్ ప్యాక్ మూడోది, విండోస్ 7కి ఒకటోది. అవి ముందే ఎక్కి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఇంకో కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ నుంచే దించి, సీడీకి రాసి ఎక్కించండి. నేను ఒప్పుకునే అప్‌డేట్ ఇదొక్కటే.

నెట్ తీగ పీకెయ్యండి

యాంటీవైరస్ వేసి నెట్ కలిపితే చాలుననేది చాలామంది నమ్మకం. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న రక్షణ సవరణలు ఆపేసింది, విండోస్ 7కి 2020 జనవరి 14న. ఆ తర్వాత బయటపడిన కన్నాలు చాలావరకు వాటిలో అలాగే తెరుచుకుని ఉన్నాయి. యాంటీవైరస్ కంపెనీలు కూడా ఒకటొకటిగా ఎక్స్‌పీని వదిలేశాయి.

"మన ఇంటి కంప్యూటర్‌తో ఎవరికేం పని, మనమేమైనా బ్యాంకా?" అని అడిగేవాళ్లకి మన జిల్లాలోనే జవాబు ఉంది. 2017 మే 12న వనాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగే రకం అది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు శ్రీకాకుళం జిల్లాలోనూ కలిపి 18 యూనిట్లలో కంప్యూటర్లకి అది తగిలిందని వార్తలొచ్చాయి. ఎవరో శ్రీకాకుళం మీద గురిపెట్టి కొట్టలేదు. ఆ పురుగు మనిషి నొక్కాల్సిన అవసరం లేకుండా, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి తనంతట తానే వెళుతుంది. తలుపు తెరిచి ఉందా లేదా అన్నదే దానికి కావాలి. లోపల పోలీసు రికార్డులున్నాయా, భజన పాటలున్నాయా అని చూడదు.

ఆ కథలో ఇంకో ముఖ్యమైన ముక్క ఉంది. ఆ పురుగు దూరిన కన్నానికి అతుకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, అంటే దాడికి రెండు నెలల ముందే. ఎక్కువగా దెబ్బ తిన్నవి అప్పటికింకా రక్షణ ఉన్న విండోస్ 7 సిస్టమ్‌లు, అతుకు వేయించుకోనివి. ఎక్స్‌పీకి మాత్రం దాడి జరిగాకే, ప్రత్యేకంగా, అతుకు ఇచ్చారు. దీన్నిబట్టి నాకు తోచిన నియమం ఇది: రక్షణ ఉన్న కంప్యూటర్‌ని ఈరోజే అప్‌డేట్ చెయ్యాలి, రక్షణ లేనిదాన్ని నెట్ నుంచి పూర్తిగా తప్పించాలి. ఈ రెండింటికీ మధ్య "అప్పుడప్పుడూ కలుపుతాను, మెయిల్ చూసి తీసేస్తాను" అనే దారి లేదు.

తప్పించడమంటే బ్రౌజర్ తెరవకపోవడం కాదు. ల్యాన్ తీగ తియ్యండి, వైఫై ముక్క ఉంటే ఊడదీయండి, డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డుని డిజేబుల్ చెయ్యండి. బయోస్‌లో ల్యాన్ ఆపే వీలుంటే అక్కడా ఆపండి. ఎవరో పిల్లలు వచ్చి తెలియక తీగ గుచ్చినా కలవకూడదు. ఇంట్లో రౌటర్ ఉంది, అది బయటివాళ్లని ఆపుతుంది అంటారు. బయటినుంచి తిన్నగా వచ్చేవాటిని కొంత ఆపుతుంది, నిజమే. అదే రౌటర్‌కి కలిసిన ఇంకో ల్యాప్‌టాప్‌లో పురుగు ఉంటే అది లోపలివాళ్ల కిందే లెక్క.

పెన్‌డ్రైవ్ ఎరువు ఇవ్వొద్దు, తీసుకోవద్దు

నెట్ తీసేశాక మిగిలే దారి పెన్‌డ్రైవ్. మన ఊళ్లలో పెన్‌డ్రైవ్ తిరిగినంత వేగంగా ఇంకేదీ తిరగదు. బడి నుంచి ప్రశ్నపత్రం, పెళ్లివారి నుంచి ఫొటోలు, ప్రెస్సుకి మేటర్, అన్నీ దాని మీదే. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్‌ని ఎరగని డీటీపీ మనిషి ఉండరు. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ కూడా నెట్‌తో పాటు పెన్‌డ్రైవ్‌ల మీదుగానే లక్షల కంప్యూటర్లకి ఎక్కింది.

కాబట్టి గిరాకీ తెచ్చిన పెన్‌డ్రైవ్ ఎంత తొందరలో ఉన్నా పాత సిస్టమ్‌కి గుచ్చకండి. ఇవ్వనంటే నొచ్చుకుంటారని మొహమాటపడొద్దు. ఫొటో ఉంటే ఫోనుకి పంపమనండి, కొత్త కంప్యూటర్‌లో దించండి, అక్కడ స్కాన్ చెయ్యండి. పాత సిస్టమ్ కోసమే ఒక పెన్‌డ్రైవ్ విడిగా కొని, పేరు రాసి, మరెక్కడా వాడకుండా పెట్టుకోండి. పాతదాంట్లోకి వెళ్లేముందు ప్రతిసారీ కొత్త కంప్యూటర్‌లో స్కాన్ కావాలి. ఇంకా జాగ్రత్త కావాలంటే లోపలికి వెళ్లేవి సీడీకి రాసి పంపండి. సీడీ మూసి రాసేస్తే పాత సిస్టమ్‌లో ఏమున్నా దాని మీదికి ఎక్కదు. ఆటోరన్ తప్పనిసరిగా ఆపేయండి. ప్రెస్సుకి పంపాల్సింది పీడీఎఫ్ మాత్రమే, ఫాంట్లు లోపల పొదిగి.

ఆధార్ కాపీలు, రేషన్ కార్డు స్కాన్లు, మార్కుల జాబితాలు పాత సిస్టమ్‌లో ఉంచొద్దు. జిరాక్స్‌కి వచ్చినవాళ్లు మనల్ని నమ్మి ఇచ్చిన కాగితాలవి. ప్రింటు ఇచ్చాక తుడిచెయ్యడం మన బాధ్యత.

యాంటీవైరస్ ఆపమని చెప్పేవాళ్ల మాట వినొద్దు

కొత్త కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ ఎక్కించాలనుకునేవాళ్లకి ఊళ్లో దొరికే సలహా ఒకటే: యాంటీవైరస్ ఆపు, సెక్యూరిటీ తీసెయ్, ఈ క్రాక్ ఫైలు రన్ చెయ్, తర్వాత అన్నీ మళ్లీ పెట్టుకో. ఇంతకన్నా చెడ్డ సలహా నాకు తెలీదు. క్రాక్ ఫైలు కొన్ని క్షణాలు నడిస్తే చాలు, లోపల తనకి కావలసిన చోటు చేసుకుంటుంది. తర్వాత యాంటీవైరస్ పెట్టడమంటే దొంగ ఇంట్లో ఉండగా తలుపు గడియ వెయ్యడమే. అదీ బ్యాంకు పాస్‌వర్డులున్న కొత్త కంప్యూటర్‌లో.

పైగా అది నేరం కూడా. కంపెనీ అమ్మడం మానేసింది కాబట్టి ఉచితమే అనుకుంటారు. అమ్మడం మానేస్తే హక్కు పోదు. మన కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. అదే చట్టం 52వ సెక్షన్ మనకి ఒక మంచి హక్కు కూడా ఇచ్చింది: న్యాయంగా కొన్నవాళ్లు పోకుండా కాపాడుకోవడానికి కాపీ తీసి పెట్టుకోవచ్చు. మీ బీరువాలో అసలు సీడీ ఉంటే అది చెడకముందే ఐఎస్ఓ కాపీ (సీడీ మొత్తం ఒకే ఫైలుగా) తియ్యండి. సీరియల్ నంబరు కాగితం మీద రాసి సీడీ కవర్‌లో పెట్టండి. ఆ ఐఎస్ఓకి విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ ఆజ్ఞతో షా-256 హ్యాష్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి వరస, తీసి అదే కాగితం మీద రాయండి. ఎన్నేళ్ల తర్వాత కాపీ తీసినా ఆ అంకెలూ అక్షరాలూ సరిపోతే ఫైలు చెక్కుచెదరనట్టు.

తేదీ వెనక్కి తిప్పితే ట్రయల్ నడుస్తుందనే చిట్కా కూడా వినిపిస్తుంది. నెట్ ఉన్న కంప్యూటర్‌లో తేదీ తప్పితే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఫైళ్ల తేదీలన్నీ తారుమారవుతాయి. మానెయ్యండి. పాత సిస్టమ్‌లో తేదీ దానంతటదే వెనక్కి పోతుంటే అది మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్లు అయిపోయిన గుర్తు. చిల్లర ఖర్చుతో మారుతుంది.

కొత్త కంప్యూటర్ కొన్నా పాతది ఉంచండి

32 బిట్ల పేజ్‌మేకర్ 7ని విండోస్ 10 మీద కంపాటిబిలిటీ మోడ్‌లో, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపిస్తున్నవాళ్లు ఉన్నారు. నడుస్తుంది కూడా. కానీ ఎప్పుడూ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాల్సి రావడమంటే ఒక ముసలి ప్రోగ్రామ్‌కి ఇంటి తాళాలన్నీ అప్పగించడం. ఎక్స్‌పీ కంటే ముందునాటి 16 బిట్ల ప్రోగ్రామ్‌లైతే 64 బిట్ల విండోస్ మీద అసలు లేవవు. విండోస్ 11లో 64 బిట్లు తప్ప వేరే రకమే లేదు. ఆ కాలపు ఫైళ్లున్నవాళ్లకి పాత విండోసే గతి.

చేతనైనవాళ్లు, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో పాత విండోస్‌ని ఒక గదిలా వేరుగా పెట్టుకోవచ్చు. అది ఉచితం. అందులో నెట్‌వర్క్‌ని "కలపలేదు" అన్న స్థితిలో ఉంచి, అన్నీ సరిగ్గా ఎక్కాక ఒక స్నాప్‌షాట్ తీసుకుంటే ఎప్పుడు పాడైనా ఆ క్షణానికి తిరిగి వెళ్లొచ్చు. ఎక్స్‌పీకి ఒక జీబీ ర్యామ్ ధారాళం. అయితే లైసెన్సు చూసుకోవాలి. సిస్టమ్‌తో పాటు వచ్చి, క్యాబినెట్‌కి స్టిక్కరు అంటించి ఉన్న విండోస్ ఆ యంత్రానికే చెల్లుతుంది. విడిగా డబ్బా కొన్నవాళ్లే వేరేచోటికి మార్చుకోగలరు. విండోస్ 7 ప్రొఫెషనల్‌కి మైక్రోసాఫ్టే ఎక్స్‌పీ మోడ్ ఇచ్చింది, అది ఉన్నవాళ్లకి సులువు. ఇదంతా కష్టం అనిపిస్తే పాత డబ్బానే తుడిచి, దుమ్ము దులిపి, యూపీఎస్ మీద పెట్టుకోండి. నా ఓటు దానికే.

అప్‌డేట్ చెయ్యాల్సింది మీ రాతని

ఇక అసలు సంగతి. పాత సిస్టమ్‌ని ఎంత జాగ్రత్తగా నిలిపినా హార్డ్‌డిస్కు ఒకరోజు ఆగుతుంది. ఆ రోజుకి మీ రాత బయట ఉండాలి.

అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు నిజానికి కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు ఉంటే చక్కటి పద్యం, లేకపోతే అర్థంకాని గీతల వరస. పేజ్‌మేకర్ ఫైలు ఇంకోచోట తెరుచుకున్నా ఫాంటు లేకపోతే అందులో ఉన్నది ఎవరికీ చదవడానికి రాదు, వెతకడానికీ రాదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి సొంత స్థానాలు 1991 నుంచే ఉన్నాయి. ఒకసారి అందులోకి మారిన రాత ఫోనులోనైనా, రేపు వచ్చే యంత్రంలోనైనా తెలుగుగానే ఉంటుంది.

పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచే తలుపులు ఒకటొకటే మూసుకుంటున్నాయి. సీఎస్6 వరకు వచ్చిన ఇన్‌డిజైన్ వెర్షన్లు 6.0 మొదలుకొని పేజ్‌మేకర్ ఫైళ్లని తెరిచేవి, సీఎస్6 తర్వాతవి తెరవవు. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లో డ్రా అనే భాగం 2015 నాటి 4.4 వెర్షన్ నుంచి తెరుస్తుంది, కానీ పేజీ అమరిక చాలాసార్లు చెదురుతుంది. అందుకని పాత సిస్టమ్ బతికుండగానే రెండు పనులు చెయ్యాలి. పేజీ ఎలా ఉందో అలాగే కనిపించడానికి పీడీఎఫ్ ఒకటి. అక్షరాల కోసం మేటర్‌ని బయటికి తీసి, కన్వర్టర్‌తో యూనికోడ్ చేసిన ఫైలు ఒకటి. ఒక్క పీడీఎఫ్‌తో సరిపెట్టుకోవద్దు. అందులో కంటికి తెలుగు కనిపించినా లోపల ఉన్నవి ఆ గీతలే.

కన్వర్టర్‌ని నమ్మి ఊరుకోకండి. వత్తులు, సంయుక్తాక్షరాలు, అరుదుగా వాడే గుర్తులు తారుమారవుతాయి. ప్రతి పేజీనీ పాత ప్రింటు పక్కన పెట్టుకుని, ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు చూడాలి. పద్యాలైతే మరీను. ఇది విసుగు పుట్టించే పనే కానీ దీనికి అడ్డదారి లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే చెయ్యండి. ఎక్కడ ఏ ఊరి మాట ఉందో, ఏది అచ్చుతప్పో, ఏది ఉత్తరాంధ్ర పలుకుబడో చెప్పగలిగేది వాళ్లే. కన్వర్టర్ ఆ తేడా ఎరగదు. ఎరగని కుర్రవాళ్లు ఊరి మాటని తప్పనుకుని దిద్దేస్తారు.

కొత్తగా కంపోజ్ చేసేవాటికి యూనికోడే వాడండి. ఇప్పుడు ఫాంట్ల కొరత లేదు. మన వైపు పుట్టిన గిడుగు, గురజాడల పేర్లతోనే తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో ఉచితంగా ఉన్నాయి. మండలి, సూరన్న, రామభద్ర లాంటివి శుభలేఖలకీ పుస్తకాలకీ పనికొస్తాయి. పేజీలు సర్దడానికి ఉచితమైన స్క్రైబస్ ఉంది. పాత వరసకి వేళ్లు అలవాటు పడిపోయినవాళ్లు తమకి వచ్చిన వరసలోనే టైపు చేసి యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. ఇప్పుడు నేర్చుకునే పిల్లలకి మాత్రం విండోస్‌లోనే ఉన్న ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి.

ముఖ్యమైనవి కాగితం మీద ఒక ప్రింటు తీసి ఉంచండి. కంప్యూటర్ కాలంలో కాగితమేమిటంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఈ చుట్టుపక్కల చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు చదవగలిగేది కాగితమే. ఫైళ్ల నకలు ఒకటి ఇంట్లో, ఒకటి విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లల దగ్గర ఉండాలి. రెండూ ఒకే బీరువాలో ఉంటే ఒక్కటి కింద లెక్క.

మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14న మామూలు మద్దతు ఆపేసింది. కాబట్టి ఇప్పుడు కొత్త కంప్యూటర్లు కొనేవాళ్లు, పాతవి పారేసేవాళ్లు పెరుగుతారు. పారేసేముందు డి డ్రైవ్ తెరిచి చూడండి. పీఎండీ, పీ65 అని చివర ఉన్న ఫైళ్లు కనిపిస్తే ఆగండి. అవి ఎవరు రాసినవో అడిగి తెలుసుకోండి, ఈ నెలలోనే ఒక్కటైనా యూనికోడ్‌లోకి మార్చి ప్రూఫు చూడండి.